మెరక, నీళ్లు, హక్కు: గోదావరి డెల్టాలో ఏ ఇల్లు కొనాలో తేల్చుకోవడం ఎలా

అమలాపురంలో ఐదు సెంట్లలో ఇరవై ఏళ్ల నాటి డాబా ఇల్లు. భీమవరంలో లిఫ్టున్న అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. రాజోలు దగ్గర పల్లెలో కొబ్బరిచెట్లతో సహా పాత పెంకుటిల్లు. మూడూ యాభై లక్షలకు అటూ ఇటూగా చెబుతున్నారనుకుందాం. రిటైరయ్యాక గోదావరి జిల్లాలకు తిరిగి వచ్చేద్దామనుకునే దంపతుల చేతిలో చివరికి మిగిలే జాబితా దాదాపు ఇలాగే ఉంటుంది.

అక్కడి నుంచి ఇంట్లో చర్చ తెగదు. ఆయనకు పెంకుటింటి అరుగు నచ్చింది. ఆవిడకు ఫ్లాటులో వంటగది నచ్చింది, పైగా మోకాళ్ల నొప్పులకు లిఫ్టు కావాలి. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌లో "రీసేల్ ఎలా ఉంటుందో చూడండి నాన్నా" అంటాడు. ఎవరి మాటా తప్పు కాదు. కాకపోతే ముగ్గురూ మూడు వేరువేరు విషయాల గురించి మాట్లాడుతున్నారు.

కొంతమంది ఈ గొడవ తేల్చడానికి కాగితం మీద మార్కులు వేస్తారు. పది అంశాలు రాసి, ఒక్కోదానికి పదికి ఇన్ని అని వేసి, కూడి, ఎక్కువ వచ్చిన ఇంటికి అడ్వాన్సు ఇచ్చేస్తారు. పద్ధతిగానే కనిపిస్తుంది గానీ ఇందులో పెద్ద లోపం ఉంది. టైల్స్‌కి తొమ్మిది, వంటగదికి తొమ్మిది, బాల్కనీకి ఎనిమిది వచ్చిన ఇంటికి కాగితాల్లో రెండే వచ్చినా మొత్తం మీద మంచి మార్కులే పడతాయి. పదో తరగతిలో తెలుగులో తొంభై వచ్చినంత మాత్రాన లెక్కల్లో తప్పినవాడు పాసైపోడు కదా. ఇంటికి కూడా కొన్ని సబ్జెక్టుల్లో విడిగా పాస్ మార్కులు రావాలి. ఆ తర్వాతే కూడికలు.

డెల్టాలో ఆ సబ్జెక్టులు మూడని నా అభిప్రాయం. స్థలం మెరకా, పల్లమా. భూమిలో నీళ్లు ఎలాంటివి. అమ్మేవాళ్లకు అమ్మే హక్కు పూర్తిగా ఉందా. ఈ మూడింటినీ కొన్న తర్వాత డబ్బు పెట్టి మార్చుకోవడం చాలా కష్టం. రంగులు, వంటగది అరలు, బాత్‌రూమ్ సామాను, విద్యుత్ వైరింగ్ లాంటివన్నీ డబ్బుతో బాగయ్యేవే. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మాత్రం కంటికి కనిపించేవి ఈ రెండో రకమే, అమ్మేవాళ్లు ఖర్చు పెట్టి మెరుగులు దిద్దేవీ అవే.

వాన నీళ్లు ఎటు పోతాయి

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు తవ్విన తీరు గుర్తు పెట్టుకుంటే సగం విషయం తెలిసిపోతుంది. పంట కాలువను మెరక మీదుగా తీసుకెళతారు, అప్పుడే నీరు రెండు పక్కలా చేలకు పారుతుంది. మురుగు కాలువ పల్లంలో ఉంటుంది, చేలల్లో మిగిలిన నీరంతా అక్కడికి చేరాలి కాబట్టి. అందుకని పంట కాలువ పక్కన ఉన్న వీధి సాధారణంగా మెరక, డ్రెయిన్ పక్కన ఉన్న వీధి పల్లం. ఒకే ఊళ్లో అర కిలోమీటరు దూరంలో ఉన్న రెండు ఇళ్లకు ఇంత తేడా రావచ్చు. ఇల్లు చూడబోయే ముందు ఆ ఊళ్లో ఏ కాలువ పంటదో, ఏది మురుగుదో అడిగి తెలుసుకోండి.

ఇక్కడ ముంపు మూడు రకాలుగా వస్తుంది. వాటిని కలిపేసి "వరద వస్తుందా?" అని అడిగితే సరైన జవాబు రాదు.

మొదటిది గోదావరి వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఏటిగట్లు తెగాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఈ వరద విషయంలో ఇల్లు ఏటిగట్టుకు ఏ పక్క ఉందన్నదే ప్రధానం. గట్టుకు, ఏటికి మధ్య ఉన్న లంక గ్రామాలకు వరద దాదాపు ఏటా వచ్చే చుట్టమే. గట్టుకు ఇవతలి పక్క ఉన్న ఊళ్లకు గట్టు నిలిచినంత కాలం భయం లేదు గానీ, గట్టు అడుగునే ఉన్న ఇళ్లలో వరద రోజుల్లో ఊట నీరు పైకి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏటి పక్క ఊళ్లలో ఇల్లు చూస్తున్నప్పుడు "ఎన్నో హెచ్చరికకు మీ దారి మునుగుతుంది?" అని అడగండి. అక్కడివాళ్లు తడుముకోకుండా చెబుతారు. ఇల్లు మునగకపోయినా దారి మునిగితే, అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినప్పుడు రెండూ ఒకటే.

రెండోది వాన ముంపు. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. భారీ వర్షం పడితే ఊరి నీరంతా యనమదుర్రు, కౌశిక లాంటి డ్రెయిన్లలోకి వెళ్లాలి. డెల్టా నేలకు వాలు చాలా తక్కువ. డ్రెయిన్లో గుర్రపుడెక్క పేరుకుపోయినా, గట్లు ఆక్రమణకు గురైనా నీరు కదలదు. మూడోది సముద్రపు పోటు. తీరానికి దగ్గరగా ఉన్న మండలాల్లో పోటు సమయానికి డ్రెయిన్ నీరు సముద్రంలోకి దిగక వెనక్కి ఎగదన్నుతుంది, దానితో పాటు ఉప్పునీరూ లోపలికి వస్తుంది.

ఇవన్నీ ఊరికి సంబంధించినవి. ఇంటి సంగతి తెలియాలంటే గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూడండి. మన పట్టణాల్లో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేస్తారు. రోడ్డు పెరుగుతుంది, ఇల్లు అక్కడే ఉంటుంది. గేటు దగ్గర మొదట నాలుగు మెట్లు కట్టి ఉంటారు, ఇప్పుడు రెండే బయటకు కనిపిస్తుంటాయి. మరీ పాత ఇళ్లలో మెట్లు పోయి, రోడ్డు మీద నుంచి ఇంట్లోకి దిగేలా చిన్న సిమెంటు వాలు కనిపిస్తుంది. గేటు అడుగున అడ్డంగా జానెడు ఎత్తు గట్టు కట్టి ఉందంటే, అది వాన నీరు లోపలికి రాకుండా కట్టిందే. పక్క స్థలంలో కొత్తగా కట్టినవాళ్లు నాలుగడుగులు మెరక చేసుకుని ఉంటే వాళ్ల వాన నీరు కూడా ఈ ఇంటి వైపే వస్తుంది. ఇప్పుడు జాకీలు పెట్టి ఇంటిని పైకి లేపుతున్నారు, నిజమే. దానికి లక్షల్లో అవుతుంది. ఇల్లు లేస్తుంది గానీ వీధి లేవదు, మోకాటి లోతు నీళ్లలో నడిచే గుమ్మం ఎక్కాలి.

మూడో అంతస్తు ఫ్లాటుకు ఈ టెన్షన్ లేదనుకుంటారు. మీ హాలు మునగదు. కానీ లిఫ్టు గొయ్యి, మంచినీళ్ల సంపు, మోటార్లు, జనరేటరు, కార్లు కిందే ఉంటాయి. వీధి మునిగితే కరెంటు కట్ చేస్తారు, లిఫ్టు ఆగుతుంది. మోకాళ్ల నొప్పుల కోసం ఫ్లాటు తీసుకున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కాబట్టి ఫ్లాటుకైనా వీధిని చూడాల్సిందే.

ఇల్లు చూసే కాలం కూడా ముఖ్యం. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు భూమిలో నీటిమట్టం దిగి, గోడల చెమ్మ ఆరి, పెరడు పొడిగా కనిపిస్తుంది. కాలువలు వదిలి, నాట్లు పడ్డాక అదే పెరట్లో రెండడుగులు తవ్వితే నీరు ఊరవచ్చు, సెప్టిక్ ట్యాంకు వెనక్కి తన్నవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో నచ్చిన ఇంటిని ఆగస్టులోనో, అక్టోబరులో పెద్ద వాన పడిన మర్నాడో ఇంకోసారి చూడకుండా డబ్బు ఇవ్వకండి. అంత కాలం ఆగడం కుదరకపోతే ఇంటివాళ్లను కాక ఎదురింట్లో అద్దెకున్నవాళ్లను, వీధి చివర కిరాణా కొట్టతన్ని అడగండి.

ఇంకో జాగ్రత్త. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులు పూడ్చి స్థలాలుగా అమ్మిన చోట్లు ఉంటాయి. పూడ్చిన మట్టి కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది, పైగా మనది తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే బంకమట్టి నేల. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు కనిపిస్తే పునాది కదిలిందేమోనని అనుమానించాలి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా చూడొచ్చు. పదిహేనేళ్ల కిందట ఆ స్థలం చేనో, చెరువో, కొబ్బరితోటో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు.

ఉప్పు

కోనసీమ తీరంలోనూ, భీమవరం, నరసాపురం వైపూ చాలాచోట్ల పైన కొద్ది లోతులో తియ్యటి నీరు, దాని కింద ఉప్పునీరు ఉంటాయి. వానలూ కాలువలూ నింపిన ఆ పై పొర మీదే ఫిల్టర్ పాయింట్లు, అంటే తక్కువ లోతు బోర్లు, ఆధారపడి ఉంటాయి. "బోరు ఇంకో వందడుగులు దింపితే మంచి నీళ్లు పడతాయి" అని అమ్మేవాళ్లు చెప్పే మాట ఇలాంటి చోట్ల నమ్మదగింది కాదు. లోతుకు వెళ్లేకొద్దీ ఉప్పు పెరగవచ్చు.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే, జేబులో పట్టే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకని చోట 2,000 వరకు ఒప్పుకుంటారు. చూసిన ప్రతి ఇంట్లో కుళాయి నీళ్లు కాకుండా బోరు నీళ్లు పట్టి కొలవండి. తాగడానికి ఎలాగూ టిన్ను నీళ్లు తెప్పించుకుంటాం కదా అని దీన్ని వదిలేయకూడదు. ఆ నీళ్లతో ఇల్లు కట్టి ఉండవచ్చు, అసలు ప్రమాదం అక్కడుంది.

ఇనుముతో పోసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. ఉప్పునీళ్లతో కలిపిన కాంక్రీటులో ఊచలు లోపలే తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి సిమెంటును బయటకు నెడుతుంది, పెచ్చులు ఊడుతాయి. దీన్ని కనిపెట్టాలంటే హాలు చూడకండి, సన్‌షేడ్ల అడుగు చూడండి. బాత్‌రూమ్ పైకప్పు, వాటర్ ట్యాంకు కింది స్లాబు, మెట్ల అడుగు చూడండి. ఊచ ఉన్న వరసలోనే గీత గీసినట్టు సన్నని పగులు, దాని వెంట ఇటుక రంగు మరక ఉంటే లోపల తుప్పు మొదలైంది. కర్రతో తట్టితే బోలుగా మోగే చోట పెచ్చు ఊడటానికి సిద్ధంగా ఉంది. ఇరవై ఏళ్ల ఇంట్లో హడావిడిగా ఒక్క గదికే ఫాల్స్ సీలింగ్ వేసి ఉంటే ఒక పలక తీయించి పైన చూపించమనండి. హాలు గోడలకు మూడడుగుల ఎత్తు వరకు టైల్స్ అంటించి ఉన్నా అంతే. అందం కోసం వేశారా, చెమ్మ కప్పడానికి వేశారా అన్నది ఆ గోడ వెనక గదిలో బీరువా జరిపి చూస్తే తెలుస్తుంది.

ఒకటి రెండు సన్‌షేడ్లకు తుప్పుంటే అది మరమ్మతు ఖర్చు. స్లాబంతా ఉంటే మీరు కొంటున్నది స్థలం మాత్రమే, ఇంటికి విలువ కట్టకండి.

కాగితాలు

ఈ పని లాయరుకు అప్పగించండి. కానీ ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి.

ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల వివరం, చూసుకోవచ్చు. లింకు డాక్యుమెంట్లలో, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల్లో, సర్వే నంబరు, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) ఒక దస్తావేజు నుంచి ఇంకోదానికి మారకుండా వస్తున్నాయా చూడాలి. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందా అన్నది తప్పకుండా చూడాలి. డెల్టాలో దేవాదాయ భూములు, కాలువ గట్లు, డ్రెయిన్ పోరంబోకు, లంక భూములు కలగలిసి ఉంటాయి కాబట్టి ఈ చిక్కు ఎక్కువ. కాలువ గట్టు మీద మూడు తరాలుగా ఉంటున్నవాళ్లకూ ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉంటాయి. అవి హక్కు పత్రాలు కావు. ప్రభుత్వం పట్టాగా ఇచ్చిన స్థలాల అమ్మకాలపై 1977 చట్టం నుంచీ ఆంక్షలున్నాయి, మధ్యలో సవరణలూ వచ్చాయి. అలాంటి స్థలమైతే దాని పరిస్థితి ఏమిటో తహసీల్దార్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి, నోటి మాట చాలదు.

పాత పెంకుటిళ్లకు అసలు సమస్య ఆడపడుచుల సంతకాలు. పిత్రార్జితంలో కూతుళ్లకు హక్కు కల్పిస్తూ మన రాష్ట్రంలో 1985లోనే సవరణ వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. అన్నదమ్ములిద్దరూ సంతకాలు పెట్టి, పెళ్లయి వెళ్లిపోయిన అక్కచెల్లెళ్లను అడగకుండా అమ్మిన ఇల్లు కొంటే కోర్టు కాగితం మీ గుమ్మానికే వస్తుంది. వాళ్లను అడగడం మర్యాద కోసం కాదు. వాళ్లకు న్యాయంగా రావాల్సింది ఉంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించి, అందులో ఉన్న ప్రతి పేరుకూ సంతకం ఉందా చూడండి. యజమానులు గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉండి పవర్ ఆఫ్ అటార్నీ మీద బంధువులు అమ్ముతుంటే, ఇచ్చినవాళ్లతో మీరే వీడియో కాల్‌లో మాట్లాడండి. ఇచ్చినవాళ్లు చనిపోతే సాధారణ పవర్ చెల్లదు. రిజిస్టరు సేల్ డీడ్ లేకుండా వట్టి పవర్ మీద హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది.

కోనసీమలో ఇంకొకటి చూడాలి, గ్యాస్ పైపులైన్లు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైన్ పేలి ఎంతమంది ప్రాణాలు పోయాయో ఈ ప్రాంతం మరిచిపోలేదు. పైపు వెళ్లే భూమికి యజమాని మారడు గానీ, ఆ పట్టీలో భవనం కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. పెరట్లోనో, పక్క చేలోనో హెచ్చరిక రాళ్లు, బోర్డులు ఉన్నాయేమో నడిచి చూసి రండి.

యాభై లక్షలంటే ఎంత

ఈ మూడింటిలో పాసైన ఇళ్లకే ధర పోల్చాలి. చెప్పిన ధరలు పోల్చకండి, తాళం తీసి కాపురం పెట్టేసరికి అయ్యే ఖర్చు పోల్చండి.

స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే మన రాష్ట్రంలో 7.5 శాతం. యాభై లక్షల ఇంటికి మూడు లక్షల డెబ్బై ఐదు వేలు. ముప్పై లక్షలు దాటి డెబ్బై ఐదు లక్షల లోపు ఉండే అప్పుల్లో బ్యాంకు ఇంటి విలువలో గరిష్ఠంగా 80 శాతమే ఇస్తుంది, ఈ రిజిస్ట్రేషన్ ఖర్చును అందులో కలపదు. అంటే చేతిలో పది లక్షలు ఉంటే సరిపోదు, మరమ్మతు కాకుండానే పధ్నాలుగు దాకా కావాలి. అప్పు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే లక్షకు నెలకు 868 రూపాయలు. ఈ లెక్క గుర్తుంటే బేరంలో తేడా ఎంతో వెంటనే తెలుస్తుంది. ఎనిమిది లక్షలు ఎక్కువైన ఇల్లు నెలకు దాదాపు ఏడు వేలు ఎక్కువ అడుగుతుంది.

"కొంత వైట్, కొంత బ్లాక్" అనే బేరానికి ఒప్పుకోకండి. బ్యాంకు దస్తావేజు విలువ మీదే అప్పిస్తుంది. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టానికి విరుద్ధం. రేపు మీరు అమ్మినప్పుడు, తక్కువ చూపించిన ధర వల్ల పెరిగిన పన్ను కూడా మీరే కట్టాలి.

ఫ్లాటును, ఇంటిని ధరతో పోల్చేటప్పుడు స్థలాన్ని విడదీసి చూడండి. ఐదు సెంట్లంటే 242 గజాలు. ఫ్లాటుకు స్థలంలో వచ్చే అవిభక్త (విడదీయని) వాటా చాలాచోట్ల ముప్పై, నలభై గజాలకు మించదు. కాలం గడిచేకొద్దీ కట్టడం విలువ తగ్గుతుంది, పెరిగేది స్థలం విలువే. ఫ్లాటు విస్తీర్ణాన్ని రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో, అంటే ఫ్లాటు లోపల వాడుకునే విస్తీర్ణంలో, అడగండి. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్ల లోపో కట్టినవాటికి రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చిన్న పట్టణాల్లో బిల్డరు ఏ కోవలోకి వస్తాడో ముందే తెలుసుకోవాలి.

తూర్పు ముఖం ఇళ్లకు ధర ఎక్కువ, దక్షిణానికి తక్కువ. వాస్తు నమ్మేవాళ్లు దాని ప్రకారమే కొనుక్కోవచ్చు. నమ్మనివాళ్లు దక్షిణం ఇంటిని బేరమాడి తగ్గించుకోవచ్చు, తిరిగి అమ్మేటప్పుడూ ధర అలాగే తగ్గుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. రైలు వస్తుంది, బైపాస్ వస్తుంది అని పెంచే ధర ఇవ్వకండి. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైంది. అప్పుడు దాన్ని నమ్మి కొన్నవాళ్లు ఎంత కాలం ఎదురుచూశారో ఆ దారిలోని ఊళ్లవాళ్లే చెబుతారు.

మొదటి మూడు ఇళ్ల సంగతికొస్తే, రాజోలు పెంకుటింటికి ఒక ఆడపడుచు సంతకం రావాల్సి ఉందనుకుందాం. అది వచ్చేదాకా ఆ ఇల్లు జాబితాలో లేనట్టే, అరుగు ఎంత చల్లగా ఉన్నా సరే. భీమవరం ఫ్లాటు కాగితాలు శుభ్రంగా ఉన్నాయి, కానీ గట్టి వాన పడితే వీధిలో నీరు రెండు రోజులు తీయదు. అమలాపురం డాబా రోడ్డుకు రెండడుగుల ఎత్తున ఉంది, ఈసీలో పేచీ లేదు, బోరు నీళ్లు ఫర్వాలేదు, రెండు సన్‌షేడ్లకు మాత్రం తుప్పు. నేనైతే డాబా వైపే మొగ్గుతాను. సన్‌షేడ్ల మరమ్మతుకు మేస్త్రి చేత అంచనా రాయించి, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమంటాను. ఆవిడ మోకాళ్ల కోసం కింది అంతస్తులోనే పడకగది, బాత్‌రూమ్ సరిచేయిస్తాను. అదే భీమవరంలో వీధి మెరకగా ఉన్న ఫ్లాటు దొరికితే, పెద్దవయసులో ఇద్దరే ఉండే వాళ్లకు స్థలం విలువ పెరగడం కన్నా లిఫ్టే ముఖ్యమని ఒప్పుకుంటాను.

ఏది తేలినా, బయానా ఇచ్చే ముందు లైసెన్సున్న సర్వేయరు చేత స్థలం కొలిపించండి. పక్కింటివాళ్ల ఎదుటే కొలిస్తే మంచిది, గోడ ఎవరిదన్న తగాదా ఉంటే అప్పుడే బయటపడుతుంది. అగ్రిమెంట్‌లో బాకీ ఉన్న సంతకాలు, అమ్మేవాళ్ల బ్యాంకు అప్పు క్లియరెన్సు, పన్ను బకాయిలు ఏ తేదీకల్లా పూర్తి కావాలో రాయించండి. పూర్తి కాకపోతే బయానా మొత్తం ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో కూడా అందులోనే రాయించి, డబ్బు చెక్కు రూపంలోనే ఇవ్వండి.